ఆఫీసుకి ముందు బ్లేజరా, ప్యాంట్లా? (లావుగా ఉన్నవాళ్లు మాత్రమే చెప్పండి ప్లీజ్)

కొత్తకుర్చీ:
ఒకటో తారీఖున కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను. క్లయింట్ల ఎదురుగా కూర్చునే పని. ఇంతకుముందు మూడేళ్లు ఇంట్లోంచే పనిచేశాను కాబట్టి నా దగ్గరున్నవన్నీ నైట్ ప్యాంట్లే. చేతిలో ఉన్న డబ్బుకి ఒక మంచి బ్లేజర్ వస్తుంది, లేదంటే రెండు ప్యాంట్లు, మూడు షర్టులు వస్తాయి. రెండూ కుదరవు. మొదటి జీతం పడేదాకా ఇంతే. ఛాతీకి సరిపోయిన షర్టు భుజాల మీంచి జారుతోంది, భుజాలకి సరిపోయింది బటన్ల మధ్య నోరు తెరుస్తోంది. ముదురు రంగులు వేసుకో, నిలువు గీతలు వేసుకో అని మాత్రం చెప్పకండి. పదమూడేళ్ల వయసు నుంచీ వింటున్నాను.

లెక్కలపక్షి:
బ్లేజర్. ఆలోచించాల్సిన పనే లేదు. బట్ట ధరని అది ఎన్నిసార్లు వేసుకుంటామో దాంతో భాగించండి. బ్లేజర్ వారానికి నాలుగు రోజులు పడుతుంది, ఉతుకు తక్కువ, ఐదేళ్లు వస్తుంది. లోపల ఏ పాత టీషర్టు ఉన్నా చెల్లిపోతుంది.

చివరిబెంచి:
రెండూ వద్దు. వీడియో కాల్ అడగండి, నడుం పైభాగం కొంటే చాలు.

సూదీదారం:
లెక్కలపక్షి గారూ, మీ భాగహారంలో తొడలు లేవు. నాలాంటివాళ్లకి ప్యాంటు మోకాలి దగ్గరో అంచు దగ్గరో పోదండీ, తొడల మధ్య పోతుంది. నడిచినప్పుడల్లా రాపిడికి ముందు ఉండలు కడుతుంది, తర్వాత పలచబడుతుంది, ఒకరోజు మెట్లెక్కుతుంటే పర్రున చిరుగుతుంది. ఒక్క ప్యాంటునే రోజూ వేసుకుంటే ఆ రోజు ఇంకా ముందే వస్తుంది. కనీసం రెండు ఉండాలి, మార్చి మార్చి వేసుకోవాలి.

కొత్తకుర్చీ గారూ, కొన్న రోజే, ఒక్కసారి కూడా వేసుకోకముందే, తొడల దగ్గర లోపలివైపు పలచటి మాసిక వేయించండి. చిరిగాక వేస్తే కనపడుతుంది, ముందే వేస్తే కనపడదు. లేబుల్ మీద ఎలాస్టేన్ (సాగే దారం) రెండు నుంచి ఐదు శాతం ఉంటే కూర్చున్నప్పుడు ఊపిరాడుతుంది. కానీ వేడి నీళ్లలో ఉతికినా, డ్రయర్‌లో వేసినా ఆ సాగుడు చచ్చిపోతుంది. షర్టుల సంగతికొస్తే, ఛాతీకి సరిపోయేదే కొనండి. నడుం దగ్గర లోపలికి పట్టించుకోవచ్చు. నోరు తెరిచే చోట రెండు బటన్ల మధ్య లోపల ఒక టిచ్ బటన్ కుట్టుకుంటే సమస్య తీరింది.

లెక్కలపక్షి:
మాసికలు వేసిన ప్యాంటుతో క్లయింట్ మీటింగా? ఒకే నలుపు ప్యాంటు, పైన బ్లేజర్. నల్ల ప్యాంటు రోజూ అదే వేసుకున్నా ఎవరూ కనిపెట్టరు.

సూదీదారం:
మాసిక లోపల ఉంటుందని రాశాను. చదవండి. ఇక నలుపు. నాలుగు ఉతుకులకి నల్ల ప్యాంటు బూడిద రంగులోకి తిరుగుతుంది, బ్లేజర్ ఉతకరు కాబట్టి అది నల్లగానే ఉంటుంది. పక్కపక్కన పెడితే రెండు నలుపులు. అంతకంటే ముదురు నీలమే నయం.

లెక్కలపక్షి:
నీలం వెలవదా?

సూదీదారం:
వెలుస్తుంది. తిరగేసి చల్లనీళ్లలో ఉతికితే ఏదైనా ఆలస్యంగా వెలుస్తుంది. నేనన్నది జత కలవదని.

లెక్కలపక్షి:
అంటే నలుపు కూడా తిరగేసి ఉతికితే నిలుస్తుందన్నమాట. ఒప్పుకున్నందుకు థ్యాంక్స్.

చివరిబెంచి:
ఆమె అడిగింది బ్లేజరా ప్యాంటా అని. మీరు ఇంద్రధనుస్సు దగ్గరికి వెళ్లిపోయారు.

పాతబీరువా:
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను, తిట్టుకోండి. కొత్త ఉద్యోగం, కొత్త రొటీన్. ఆరు నెలల్లో ఎలాగూ కొంచెం తగ్గుతారు. ఇప్పుడు మంచి బట్టల మీద డబ్బు పోయడం దండగ. చవకవి రెండు కొని నడిపించేయండి. మంచివి తగ్గాక కొనుక్కోవచ్చు.

సూదీదారం:
అడగని సలహా.

పాతబీరువా:
బడ్జెట్ గురించే కదా అడిగారు? నేను చెప్పిందీ బడ్జెట్ గురించే.

తూనికరాయి:
కొత్తకుర్చీ గారూ, చిన్న సందేహం. మీరు చూసిపెట్టుకున్న బ్లేజర్ ఏ సైజు?

కొత్తకుర్చీ:
నాకు పట్టేదానికంటే ఒక సైజు తక్కువ. డిస్కౌంట్‌లో అదొక్కటే మిగిలింది. బటన్ పెట్టకుండా వేసుకుంటే చేతులు కొంచెం బిగుతుగా ఉన్నా పర్లేదనిపించింది. ఇంకా... పాతబీరువా గారన్నదే నేనూ అనుకున్నాను, కొన్నాళ్లకి సరిపోతుందిలే అని.

సూదీదారం:
ఈ మాట మొదటే చెప్పుంటే ఇరవై రిప్లైలు మిగిలేవి తల్లీ!

పెద్దది కొని చిన్నది చేయించుకోవచ్చు. చిన్నది కొని పెద్దది చేయించలేం. ప్యాంటుకైతే కొన్నిసార్లు వెనక నడుం దగ్గర అంగుళం బట్ట లోపల వదులుతారు. చవక రెడీమేడ్‌లో కుట్టు అంచు దాకా కోసేసి ఓవర్‌లాక్ కొట్టేస్తారు, విప్పినా అందులో ఏమీ ఉండదు. బ్లేజర్ భుజమైతే మరీ కష్టం. చెయ్యి మొత్తం ఊడదీసి మళ్లీ ఎక్కించాలి, కూలి చూస్తే కొత్తది కొన్నట్టే ఉంటుంది. భుజం కొన్నప్పుడే సరిపోవాలి.

తూనికరాయి:
సైజు నంబర్ చూసి బాధపడేవాళ్ల కోసం ఒక మాట. అమెరికాలో 1939, 1940ల్లో దాదాపు 15 వేల మంది ఆడవాళ్లకి టేపు పెట్టి కొలిచారు. లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి వాళ్లని మాత్రమే. ఆ కొలతల ఆధారంగా 1958లో ఒక ప్రమాణం తెచ్చారు. అది ఎవరికీ సరిగ్గా పట్టలేదు, 1983లో రద్దు చేశారు. అప్పటినుంచి అక్కడ ఏ కంపెనీ నంబర్ ఆ కంపెనీదే. ఒక చోట 18, ఇంకో చోట 22. దానికి తోడు చాలా కంపెనీలు సన్నటి నమూనా గీసి, దాన్నే అన్ని వైపులా సమానంగా సాగదీసి పెద్ద సైజు అంటాయి. ఛాతీ పెరిగినంతగా భుజం ఎముక పెరగదు కదా. ఆమె షర్టులు భుజాల మీంచి జారేది అందుకే. లోపం ఒంటిది కాదు.

లెక్కలపక్షి:
చరిత్ర క్లాసు బాగుంది. కానీ ఒకటో తారీఖున ఏం వేసుకోవాలి?

సూదీదారం:
మీకు ఆ బ్లేజర్ మీద అంత ప్రేమేంటండీ?

లెక్కలపక్షి:
చెప్తాను. నేనూ లావే. మగాణ్ని కాబట్టి ఎవరూ ఏమీ అనరనుకుంటున్నారేమో. ఎనిమిదేళ్ల కిందట ఒక ఇంటర్వ్యూకి షర్టుతోనే వెళ్లాను. వీపు మీద చెమట మరక. లోపల అడిగిన ప్రశ్న ఒక్కటీ గుర్తులేదు. బయటికొస్తుంటే 'ఎనర్జీ తక్కువలా ఉంది' అన్న మాట మాత్రం చెవిన పడింది. అప్పటినుంచి కోటు లేకుండా బయటికెళ్లను. కోటు ఉంటే నన్ను చూసేముందు కోటుని చూస్తారు.

సూదీదారం:
అర్థమైంది. కానీ ఆ కోటు మీకు పట్టేది. ఆమెది చేతులు పైకెత్తనివ్వనిది. రోజుకి తొమ్మిది గంటలు నువ్వు ఎక్కువైపోయావని చెవిలో చెప్పే బట్టకి నెల బడ్జెట్ మొత్తం పోయమంటారా? నేనూ అలాంటి ప్యాంటొకటి కొన్నాను. నాలుగేళ్లు హ్యాంగర్‌కే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఇంకోటి కొనడానికి చెయ్యి రాలేదు. ఆ నాలుగేళ్లూ సాగిపోయిన లెగ్గింగ్స్‌తో ఆఫీసుకెళ్లాను. ప్రమోషన్ మాటొచ్చినప్పుడు 'కాస్త ప్రెజెంటబుల్‌గా...' అని సగంలో ఆపేశారు. మిగతా సగం నాకు తెలుసు.

పాతబీరువా:
నా పేరు చూసే అంటున్నారా?

సూదీదారం:
మీ గురించి కాదు. కానీ అడుగుతాను. మీ బీరువాలో పట్టని బట్టలు ఎన్ని?

పాతబీరువా:
రెండు అరలు.
తగ్గాను. నిజంగానే తగ్గాను. ఏడాదిన్నర వేసుకున్నాను కూడా. తర్వాత మళ్లీ పెరిగాను. పారేస్తే ఓడిపోయినట్టు ఉంటుంది. ఆమెకి చవకవి కొనమన్నది అందుకే, రెండుసార్లు ఖర్చు కాకూడదని. వెటకారం కాదు.

చివరిబెంచి:
ఈ థ్రెడ్‌లో జోకులు వేయడానికి వచ్చి ఇరుక్కుపోయాను.

తూనికరాయి:
పాతబీరువా గారూ, మీ రెండు అరల్లో ఆఫీసు బట్టలుంటే సెకండ్‌హ్యాండ్‌లో పెట్టండి. అక్కడ పెద్ద సైజులు వచ్చేదే తక్కువ, వచ్చినవి నిమిషాల్లో పోతాయి. ఆ డబ్బుతో ఇప్పుడు పట్టేవి కొనుక్కోవచ్చు.

పాతబీరువా:
ఒక అర అమ్ముతాను. రెండోది ఇప్పుడే కాదు.

లెక్కలపక్షి:
సరే, ప్యాంట్లకి ఒప్పుకుంటాను. ముదురు నీలానికి కాదు.

కొత్తకుర్చీ:
బ్లేజర్ కార్ట్‌లోంచి తీసేశాను. రెండు ప్యాంట్లు, మూడు షర్టులు. అన్నీ వంగి, కూర్చుని, చేతులెత్తి చూసి తీసుకున్నాను. ఒక ప్యాంటు నడుం దగ్గర లూజు, పట్టించడానికి ఇచ్చాను. చలేస్తే వేసుకోవడానికి పాత కార్డిగన్ ఒకటుంది, ఉండలు కట్టింది, షేవింగ్ రేజర్‌తో గీకితే పోతాయని ఎక్కడో చదివాను. నిజమేనా?

సూదీదారం:
పోతాయి. మెల్లిగా, బట్టని సాపుగా లాగి పట్టుకుని గీకండి. గట్టిగా నొక్కితే చిల్లే.

చివరిబెంచి:
టిచ్ బటన్ ఎలా కుట్టాలో ఎవరైనా చెప్తారా? నా షర్టుకే.