టేప్ ప్లగిన్ వేస్తే గొంతు మసకబారుతోంది, తప్పు ఎక్కడ?

ఇంట్లోనే పాటలు రికార్డ్ చేసుకుంటాను. గొంతు మరీ గాజుపెంకులా గుచ్చుకుంటోందని స్టూడర్ ఏ800 అనే పాత టేప్ రికార్డర్ ధ్వనిని అనుకరించే సాఫ్ట్‌వేర్, అంటే టేప్ ప్లగిన్ ఒకటి వేశాను. స్పీడు 15 ఐపీఎస్‌లో (టేపు సెకనుకు 15 అంగుళాలు కదిలే లెక్క) ఉంటే కిక్ డ్రమ్, బేస్ గిటార్ భలే నిండుగా వస్తున్నాయి. కానీ గొంతులో 'స', 'శ' పలికిన చోటల్లా దుప్పటి కప్పినట్టు ఉంటోంది. 30కి మారిస్తే పై స్వరాలు తేటపడుతున్నాయి, కింది స్వరాల్లో ఆ బరువు పోతోంది.

ప్లగిన్‌లోకి వెళ్లే ధ్వని స్థాయి (ఇన్‌పుట్) సగటున మైనస్ 18 డెసిబెల్స్ (డీబీ) దగ్గరే ఉంచాను, పీక్స్ (ఒక్కసారిగా పెరిగే శిఖరాలు) మాత్రం మైనస్ 6 దాకా ఎగురుతున్నాయి. దోషం అదేనా, లేక బయాస్ (రికార్డింగ్ తేటగా రావడానికి టేపుకి కలిపే సంకేతం మోతాదు) మార్చి చూడాలా? ఒక్కో ట్రాక్‌కీ విడివిడిగా వేయాలా, ట్రాక్‌లన్నీ కలిసే మిక్స్ బస్ మీద ఒక్కటి వేస్తే సరిపోతుందా? నిజం టేప్ మెషీన్ కొనమని మాత్రం అనకండి, ఆ కోరికను ఎలాగో అణచుకుంటున్నాను.