అప్‌డేట్: లాన్‌లో క్రేన్ ఫ్లై పురుగులు, సమస్య తీరింది

సియాటిల్ దగ్గర మా ఇంటి లాన్ పలచబడుతోందని, మట్టిలో బూడిదరంగు పురుగులు (క్రేన్ ఫ్లై అనే పొడుగుకాళ్ల ఎగిరే పురుగు లార్వాలు) కనిపిస్తున్నాయని ఫిబ్రవరిలో అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అడుగు చదరం గడ్డి పెళ్ల కోసి లెక్కపెట్టమన్న సలహాయే పనికొచ్చింది. వేళ్ల మధ్య కాళ్లు లేని, తోలులాంటి ఒళ్లున్న పురుగులు పదిలోపే దొరికాయి. చదరపు అడుగుకు 25 దాటకపోతే మందు అక్కర్లేదని యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (తోటలు, పంటల సలహా విభాగం) వాళ్లు చెప్పారు, కొట్టలేదు. పిట్టలే చాలావరకు ఏరుకు తిన్నాయి.

అసలు చిక్కు లాన్ పలచబడిన మూల నీళ్లు నిలవడం. ఏరేషన్ (నేలకు చిన్న చిన్న కన్నాలు పెట్టడం) చేయించి, గింజలు చల్లి, ఎరువు వేశాం. జూన్‌కల్లా గడ్డి కమ్ముకుంది.

ఆగస్టు, సెప్టెంబర్‌లలో పెద్ద క్రేన్ ఫ్లైలు గుడ్లు పెడతాయి, నేల పొడిగా ఉంటే ఆ గుడ్లు చాలావరకు బతకవు. అప్పుడు మాత్రం స్ప్రింక్లర్ తగ్గించండి.