పట్టి విడువరాదా, పట్టు విడువరాదా?

కొండారెడ్డి బురుజు: పాత కంప్యూటర్లకు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కలిపే పద్ధతి మీద ఒక పేజీ కరపత్రం తయారవుతోంది. లాన్ కేబుల్ భాగం నెత్తిన వేమన పద్యం పెట్టాలని. “పట్టు పట్టరాదు” తర్వాత “పట్టి విడువరాదు” అనా, “పట్టు విడువరాదు” అనా? మూడో పాదం కూడా సరిగ్గా తగలడం లేదు.

పెన్నేటి గట్టు: “పట్టి”నే. పట్టు పట్టొద్దు, పట్టినాక విడవొద్దు. అసలు పట్టే వద్దన్నాక “పట్టు విడువరాదు” అంటే అర్థం ఏముంది?

బేతంచెర్ల బండ: గణాలు చూడన్నా. పట్టివి, పట్టువి రెండూ భగణమే, ఆటవెలది దేనికీ అడ్డు చెప్పదు. కేబుల్ కొసన బిగించే జాక్ సంగతికైతే “పట్టు”నే నప్పుతుంది. కేబుల్ పైతొడుగు జాక్ లోపలికి పోయి, క్రింపింగ్ నొక్కు దాని మీద పడాలి. వట్టి తీగలే లోపలికి పోతే నాలుగుసార్లు పీకి పెట్టేసరికి ఊడొస్తాయి. జంట తీగల పురి 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు. జాక్‌లో తీగల రంగులు, 568బి అనే వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

కదిరి మల్లె: ఆ ఆకుపచ్చ జంట 3, 6 స్థానాలకు ఎందుకు విడిపోయిందో కూడా రాయండి సార్. చూడ్డానికి బాగుందని జంటలన్నీ పక్కపక్కన పేర్చేస్తారు. రెండు కొసలూ అలాగే చేస్తే టెస్టర్లో ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతాయి, కానీ కేబుల్ పొడుగైతే నెట్ తడబడుతుంది. 100 ఎంబీపీఎస్ పాత పోర్టుకు పనిచేసేవి 1, 2, 3, 6 మాత్రమే. 3, 6 ఒకే పురిలో ఉండాలి.

దేవుని కడప: అసలు గొడవ మూడో పాదంలో. “పట్టి విడుట కన్న బరగఁ జచ్చుట మేలు.” “పరగ” అని రాయొద్దు సామీ, “కన్నన్” ద్రుతాంతం, పరుషం సరళమవుతుంది.

కదిరి మల్లె: జనం నోట ఉండేది “పడి చచ్చుటే మేలు”. సల, త, గణాలూ కుదిరాయి. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మా పక్కదే, అక్కడ ద్రుతం అడిగి పద్యం చెప్పేవాళ్లుండరు.

దేవుని కడప: సమాధి మీ పక్కనుంటే పాఠం మీదవుతుందా అక్కా? బ్రౌను తాటాకు ప్రతులు పోల్చి 1829లో అచ్చు వేయించాడు, 1839లో పెంచి మళ్లీ వేశాడు. ఆయన బంగళా ఉన్నచోట గ్రంథాలయం మా ఊళ్లోనే ఉంది.

పెన్నేటి గట్టు: బ్రౌను ఏరినవాటిలో వేమనవి ఎన్ని, వేమన పేరిట జనం కట్టినవి ఎన్ని?

బేతంచెర్ల బండ: అది తెల్లారినా తేలదు. వైర్‌లెస్ భాగానికి ఈ పద్యం మాత్రం పెట్టొద్దు, అక్కడ పట్టివిడవడమే పని. 2003 నాటి ‘జీ’ రకం వైఫై కార్డుకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ తప్ప కనిపించదు. రౌటర్లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరుంటే 2.4కు వేరే పేరివ్వాలి. వైఫై భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టివుంటే పాత కార్డు లోపలికి రాలేదు, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టాలి. ఛానెల్ 1, 6, 11లో ఒకటి, ఎందుకంటే కొన్ని పాత కార్డులు 12, 13లను చూడవు. యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొంటే డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి, నెట్ లేకుండా నెట్ డ్రైవర్ దిగదు. మన రాతిగోడల మిద్దెల్లో రౌటర్ ఒక గదిలో, కంప్యూటర్ ఇంకో గదిలో ఉంటే కేబులే మేలు. వంద మీటర్ల దాకా ఢోకా లేదు.

కదిరి మల్లె: కంప్యూటర్ ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) 169.254తో మొదలైతే రౌటర్ చిరునామా ఇవ్వలేదని అర్థం. ముందు జాక్ రెండు కొసలా చూడాలి. నెట్ వచ్చినా సైట్లన్నీ సర్టిఫికెట్ తప్పంటే గడియారం మూలన తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్లు అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సెల్లు మార్చి తేదీ సరిచేస్తే సరి. ఇంకోటి, విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. నెట్‌కు కలిపే ముందు తేలికపాటి లినక్స్ వేయడం మంచిదని కూడా ఒక వాక్యం రాయండి.

కొండారెడ్డి బురుజు: అన్నీ రాసుకున్నా. “ట్టి”నా, “ట్టు”నా?

పెన్నేటి గట్టు: ట్టి.

బేతంచెర్ల బండ: ట్టు. జాక్‌కు.

దేవుని కడప: రెండో పాదం “పట్టెనేని”నా “పట్టినేని”నా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదే!