ఇది ఆటా, సిమ్యులేషనా? వర్గీకరణకు సాయం కావాలి

అందరికీ నమస్కారం. కావలి దగ్గర హైస్కూల్లో సైన్స్ చెప్తాను. పాఠాలకు వాడే ఆటలు, సిమ్యులేషన్లను తోటి టీచర్ల కోసం వర్గాలుగా విడదీస్తున్నాను. ఫెట్ (PhET) అనే సైన్స్ వెబ్‌సైట్ వాళ్ల కరెంటు సర్క్యూట్ కిట్‌తో చిక్కులేదు: పాయింట్లు లేవు, గెలుపోటములు లేవు, కాబట్టి అది సిమ్యులేషనే. మా పిల్లలు తయారుచేసిన రొయ్యల చెరువు ఆట దగ్గరే ఆగిపోయాను. "తెల్లవారుజామున ఏరేటర్ ఆగింది" అనే కార్డు పడితే (ఏరేటర్ అంటే చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. దాన్ని మళ్లీ నడపడానికి వెంటనే డీజిల్‌కు డబ్బు తీయాలి, లేదంటే పంట పోతుంది. చెరువు తీరు అచ్చం నిజంలాగే ఉంటుంది, కానీ లాభం ఎక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు!

ఆటలను వర్గాలుగా విడదీయడానికి ఆడే తీరు (గేమ్‌ప్లే), ఉద్దేశం (పర్పస్), ఎవరి కోసం (స్కోప్) అని చూసే జీ/పీ/ఎస్ పద్ధతి నచ్చింది. కానీ ఆట నిజ జీవితానికి ఎంత దగ్గరగా ఉందో అందులో తేలదు, నాకు అదే ముఖ్యం. దాన్ని నాలుగో కొలతగా కలపొచ్చా? మీ బడుల్లో ఎలా విడదీశారో దయచేసి చెప్పండి.