వెయ్యి డాలర్ల ఇన్‌వాయిస్‌కు చేతికొచ్చింది 84,750: మిగతాది ఎక్కడ పోతోంది?

విశాఖ_వెబ్‌డిజైన్:
అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక చిన్న కంపెనీకి వెబ్‌సైట్ పని చేస్తున్నాను. నెలకు 1,000 డాలర్లు, వైర్‌లో (బ్యాంకు నుంచి నేరుగా బ్యాంకుకు) పంపుతారు. మొన్న గూగుల్‌లో డాలర్ 88 చూపిస్తున్న రోజున నా ఖాతాలో పడింది 84,750. బ్యాంకులో అడిగితే "మా ఛార్జి 200, దాని మీద జీఎస్టీ, అంతే" అన్నారు. మరి మిగతా మూడు వేలు? పేపాల్‌కు మారితే ఏమైనా మిగులుతుందా?

హైదరాబాద్_జావా:
పేపాల్‌లో ఇంతకంటే ఎక్కువ పోతుంది బ్రదర్. విదేశీ చెల్లింపుకు ఫీజే 4.4 శాతం, ఆపైన రూపాయల్లోకి మార్చేటప్పుడు రేటులో మరో 3, 4 శాతం. వెయ్యి డాలర్లకు ఏడు వేల దాకా పోతుంది.

ముందు మీ బ్యాంకుకు చేరిన స్విఫ్ట్ మెసేజ్ (ఒక దేశం బ్యాంకు మరో దేశం బ్యాంకుకు పంపే చెల్లింపు సందేశం) కాపీ అడగండి. దాని పాత పేరు ఎంటీ103 అంటే బ్యాంకులో అర్థమవుతుంది. పంపమన్న మొత్తం, చేరిన మొత్తం, దారిలో ఎవరెంత కోశారో అందులోనే ఉంటుంది. ఛార్జీల దగ్గర ఎస్‌హెచ్‌ఏ (SHA, పంచుకోవడం) అని ఉంటే పంపేవాళ్ల బ్యాంకు ఫీజు వాళ్లది, మధ్య బ్యాంకులు కోసుకునేది మీది. ఓయూఆర్ (OUR) అని ఉంటే మొత్తం పంపేవాళ్లే భరించాలి. చాలామంది క్లయింట్లకు అలా ఎంచుకోవచ్చని తెలియదు. ఓయూఆర్ పెట్టమని ఇన్‌వాయిస్ మీదే ఒక లైన్ రాసి పెట్టండి.

విశాఖ_వెబ్‌డిజైన్:
కాపీ దొరికింది. ఎస్‌హెచ్‌ఏ అనే ఉంది. పంపింది 1,000, చేరింది 982. మా బ్యాంకు వేసిన రేటు 86.70.

గుంటూరు_అకౌంట్స్:
అయితే లెక్క తేలిపోయింది. మధ్య బ్యాంకు కోసిన 18 డాలర్లు అంటే 1,584 రూపాయలు. రేటులో డాలరుకు 1.30 తక్కువ, 982 డాలర్లకు 1,277. బ్యాంకు ఛార్జి జీఎస్టీతో కలిపి 236. ఇంకో 153 కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ. లక్ష లోపు మొత్తమైతే అందులో ఒక శాతాన్ని సేవ విలువ అనుకుని, దాని మీద 18 శాతం వేస్తారు. మీ 85,139కి (982ను 86.70తో గుణిస్తే వచ్చేది) ఒక శాతం 851, దాని మీద పన్ను 153. అన్నీ కలిపితే 3,250.

ఇందులో "ఛార్జి" అనే పేరుతో కనిపించింది 236 మాత్రమే. నా దగ్గరికి వచ్చే ఫ్రీలాన్సర్లందరికీ ఒకటే చెబుతాను. "జీరో ఫీ" అన్న బోర్డు చూడకండి, చేతికొచ్చిన రూపాయలను ఇన్‌వాయిస్ డాలర్లతో భాగించండి. మీకు 84.75 వచ్చింది. ఏ రెండు దారులనైనా ఈ అంకెతో పోల్చొచ్చు, కాకపోతే ఆ రోజు మార్కెట్ రేటు పక్కన పెట్టుకుని చూడాలి.

డల్లాస్_తెలుగు:
పంపేవాళ్ల వైపు నుంచి ఒక మాట. ఇక్కడ చిన్న వ్యాపారం నడుపుతూ ఇండియాలో ఇద్దరికి డబ్బు పంపుతుంటాను. విదేశీ వైర్ అంటే మా బ్యాంకు 40, 50 డాలర్లు తీసుకుంటుంది, ప్రతిసారీ స్విఫ్ట్ కోడ్, బ్రాంచి అడ్రసు అన్నీ నింపాలి. అమెరికాలోని ఖాతాకే ఏసీహెచ్ (ఇక్కడి బ్యాంకుల మధ్య మామూలు ట్రాన్స్‌ఫర్) చేస్తే ఖర్చు దాదాపు ఉండదు. పేయోనీర్, స్కైడో లాంటివి మీకు అమెరికా రౌటింగ్ నంబరు (అక్కడి బ్యాంకు కోడ్), అకౌంట్ నంబరు ఇస్తాయి. అవి ఇన్‌వాయిస్‌లో వేయండి. మాకు టెన్షన్ తగ్గుతుంది, మీకు మధ్య బ్యాంకు కోత ఉండదు.

మంగళగిరి_చీరలు:
నాది వేరే సంగతి. ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతాను. అమెరికా కస్టమర్లు అక్కడున్న మా వదినకు జెల్‌లో (మన యూపీఐ లాంటిది) వేస్తారు, తను నెలకోసారి కలిపి నాకు పంపుతుంది. పైసా ఫీజు లేదు. ఇది నయం కదండీ?

గుంటూరు_అకౌంట్స్:
దయచేసి ఆపేయండి మేడమ్. సాధారణంగా ఆ డబ్బు మీ ఖాతాలోకి పి1301, అంటే కుటుంబ పోషణ కోడ్‌తో వస్తుంది (విదేశీ డబ్బు ఎందుకొచ్చిందో బ్యాంకు ఇలా ఒక కోడ్‌తో రాసుకుంటుంది). చీరలేమో దేశం దాటాయి, డబ్బు మాత్రం ఎగుమతి డబ్బుగా రాలేదు. రేపు ఎగుమతి డబ్బు వచ్చిందని రుజువు అడిగితే ఇ-బీఆర్‌సీ (ఆ డబ్బు అందిందనే సర్టిఫికెట్) ఎక్కడి నుంచి తెస్తారు? అక్కడ మీ వదినగారి ఖాతాలో పడినదంతా ఆవిడ సంపాదనలా కనిపిస్తుంది, జవాబు చెప్పుకోవాల్సింది ఆవిడే. ఫీజు మిగలడం కోసం ఇంటి మనిషిని ఇబ్బందిలో పెట్టకూడదు.

డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) సైట్‌లో ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) తీసుకోండి, 500 రూపాయలే. పార్సెల్ పోస్టాఫీసులోని డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం ద్వారా పంపితే పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ (ఎగుమతి చేసినట్టు పత్రం) చేతిలో ఉంటుంది. సరుకు పంపకముందే వచ్చే డబ్బుకు కోడ్ పి0103. వసూలుకు రిజర్వ్ బ్యాంకు క్రాస్ బోర్డర్ పేమెంట్ అగ్రిగేటర్ (విదేశీ కస్టమర్ల చెల్లింపులు వసూలు చేసి పెట్టే సంస్థ) నిబంధనల కింద పనిచేసేదాన్ని చూసుకోండి. 25 లక్షల పరిమితి ఉంది, చీరకు ఆ బాధే లేదు. కార్డు ఫీజు శాతాల్లో పోతుంది, నిజమే. దాన్ని చీర ధరలో కలుపుకోండి.

విశాఖ వారికి: మీది సాఫ్ట్‌వేర్ సేవ కిందకు వస్తే బ్యాంకుకు పి0802 కోడ్ చెప్పండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఏటా ఎల్‌యూటీ (పన్ను ముందుగా కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) వేయండి. ఏ దారిలో వచ్చినా ఫిరా (విదేశీ డబ్బు అందినట్టు ఇచ్చే పత్రం) తీసి దాచుకోండి.

వరంగల్_డేటా:
పెద్ద మొత్తాలు వచ్చేవాళ్లకు ఈఈఎఫ్‌సీ ఖాతా (ఇండియా బ్యాంకులోనే విదేశీ కరెన్సీ ఖాతా) ఉంది. డాలర్లను డాలర్లుగానే ఉంచొచ్చు. వడ్డీ రాదు, వచ్చిన నెల తర్వాతి నెలాఖరుకల్లా రూపాయల్లోకి మార్చేయాలి. అసలు లాభం ఏంటంటే, వచ్చిన వెంటనే బ్రాంచి తన కార్డు రేటుకు (అందరికీ వేసే ఆ రోజు రేటు) మార్చేయదు. మనమే ఉదయం ఫోన్ చేసి ట్రెజరీ (బ్యాంకులో కరెన్సీ కొని అమ్మే విభాగం) రేటు అడగొచ్చు. నాకు డాలరుకు 60, 70 పైసలు తేడా వచ్చింది. అడగనివాళ్లకు మాత్రం ఎవరూ ఇవ్వరు.

విశాఖ_వెబ్‌డిజైన్:
నెలకు వెయ్యికి అది పెట్టుకోవచ్చా అన్నా?

వరంగల్_డేటా:
అవసరం లేదు. అంత చిన్న మొత్తానికి ట్రెజరీ వాళ్లు రేటు పెంచరు. ఏసీహెచ్ దారే పట్టండి. అందులోనూ ఫీజు ట్రాన్స్‌ఫర్‌కు ఇంత అని ఉంటే, క్లయింటు ఒప్పుకుంటే రెండు నెలల బిల్లు కలిపి తెప్పించుకోండి. శాతం లెక్కన ఉంటే కలిపినా ఒరిగేదేమీ లేదు.