లంబసింగిలో మొదటిసారి టెంట్, ఏం తీసుకెళ్లాలి?

ప్రశ్న: డిసెంబర్‌లో ఫ్రెండ్స్ అందరం లంబసింగి వెళ్తున్నాం, రాత్రి టెంట్‌లోనే. ఎవరికీ అలవాటు లేదు. తలా రెండు దుప్పట్లు సరిపోతాయా?

జవాబు 1: పైన ఎన్ని కప్పుకున్నా చలి కింద నుంచే లాగేస్తుంది బ్రో, అక్కడ కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి పోతుంది. ముందు ఫోమ్ మ్యాట్ కొనండి, దుప్పట్ల సంగతి తర్వాత. కింద పరిచే టార్పాలిన్ టెంట్ అంచు దాటితే లోపలికి మడవండి, లేదంటే కారిన మంచునీళ్లన్నీ మీ నడుం కిందికే చేరతాయి.

జవాబు 2: గాలి పోయే కిటికీ కొంచెం తెరిచే ఉంచండి, మన ఊపిరి తడే లోపల చుక్కలు కట్టి తెల్లారేసరికి దుప్పట్లు తడిపేస్తుంది. ఇంకోటి, చలేస్తోందని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకునేరు! కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ప్రశ్న అడిగినవారు: అమ్మో, కుంపటి మా లిస్టులో ఉందండీ. క్యాన్సిల్.

జవాబు 3: ముందు మేడ మీద ఒకసారి వేసి చూడండి. చీకట్లో సెల్‌ఫోన్ నోట్లో పెట్టుకుని కడ్డీలు వెతుక్కోవడం నరకం.