అప్‌డేట్: అమ్మకు కొల్లాజెన్ పౌడర్ కొనలేదు, జుట్టు రాలుడుకు కారణం దొరికింది

అమ్మకు జుట్టు బాగా రాలుతోంది, ముఖం కూడా వాడిపోయింది, కొల్లాజెన్ (చర్మాన్ని గట్టిగ పట్టి ఉంచే ప్రొటీన్) పౌడర్ కొనాల్నా అని మొన్న ఇక్కడ అడిగింది నేనే. అందరికీ థ్యాంక్స్. "డబ్బా కొనే ముందు రక్తపరీక్ష చేయించు తమ్మీ" అన్న అక్క మాటే పనికొచ్చింది.

హన్మకొండలో స్కిన్ డాక్టరమ్మకు చూపించినం. థైరాయిడ్ నార్మల్. ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, బాగా తక్కువుంది. ఐరన్ గోళీలు రాసింది, వేసుకున్నంక వెంటనే చాయ్ తాగొద్దన్నది (అమ్మకు అసలు కష్టం అదే). కొన్ని నెలలకు రాలుడు తగ్గింది.

కొల్లాజెన్ గురించి కూడా అడిగిన. తాగిన పౌడర్ నేరుగా చర్మంలకు పోదు. కడుపుల అమైనో ఆమ్లాలు, చిన్న పెప్టైడ్‌లుగా, అంటే ప్రొటీన్ చిన్న ముక్కలుగా, విరుగుతది. చర్మం తేమ, సాగే గుణం కొంత మెరుగైనట్టు అధ్యయనాలున్నయి గానీ, చాలావాటికి పైసలు పెట్టింది కంపెనీలే. జుట్టుకైతే గట్టి ఆధారం లేదు. పైగా అది పశువుల తోలు, ఎముకలు, చేపల నుంచి తీస్తరు. నీసు ముట్టని అమ్మ ఆ మాట వినంగనే దండం పెట్టింది. "వెజ్ కొల్లాజెన్" అని అమ్మే డబ్బాల్లో మామూలుగా కొల్లాజెనే ఉండదు, విటమిన్ సి లాంటివి ఉంటయి.

కొల్లాజెన్ కోసం పాయ సూప్ తాగించమని కొందరు ఇచ్చిన సలహా మాకు ఎట్లాగూ కుదరదు. జుట్టుకని అమ్మే బయోటిన్ (ఒక బి విటమిన్) గోళీలు అక్కర రాలేదు. అది వాడేటోళ్లు థైరాయిడ్ పరీక్షకు ముందు డాక్టర్‌కు చెప్పాలి, రిపోర్ట్ తప్పు రావచ్చు. అమ్మ ముఖానికి సన్‌స్క్రీన్ మొదలుపెట్టింది, ఎండకు చర్మంల కొల్లాజెన్ దెబ్బతింటదని.